పేర్లతో ఆగిపోకండి, ‘అని’ కూడా నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఏప్రిల్ 2న ఆటిజం అవగాహన దినం వస్తుంది. ఆటిజం అంటే మాటలు, ఎదుటివాళ్లతో మెలగడం వేరే తీరులో ఎదిగే స్థితి. ఆ వారంలో పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తుంది: ‘ఈ పిల్లలకు ఎదుటివాళ్ల మనసు అర్థం కాదు.’ అది చదివిన తల్లి తన బిడ్డకు ప్రేమే తెలియదేమోనని కుమిలిపోతుంది. చదివిన టీచరు ఆ పిల్లవాడికి చెప్పి లాభం లేదనుకుంటాడు. ఇద్దరూ అనుకున్నది తప్పే. వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల స్పీచ్ థెరపీలోనూ ప్రత్యేక విద్యలోనూ పనిచేస్తున్నవాళ్లం కాబట్టి, ఆ వాక్యం ఎక్కడ నిజమో ఎక్కడ కాదో, ఇంట్లో, బడిలో చేయగల పని ఏమిటో కాస్త వివరంగా రాస్తున్నాం. స్థలం ఎక్కువ తీసుకుంటున్నందుకు మన్నించండి. రెండు ముక్కల్లో చెబితే మళ్లీ ఆ వాక్యమే మిగులుతుంది.

అమ్మ ఏడుస్తుంటే వచ్చి పక్కన కూర్చోవడం ఒక విషయం. అమ్మ నమ్ముతున్నది నిజం కాదు, అయినా అమ్మ దాన్నే నిజమనుకుంటున్నది అని గ్రహించడం వేరే విషయం. పరిశోధకులు ఎక్కువగా పరీక్షించింది ఈ రెండోదాన్ని. దీనికి మన ఇళ్లలోనే మంచి ఉదాహరణ ఉంది: బిస్కెట్ల రేకు డబ్బా. బిస్కెట్లు ఎప్పుడో అయిపోయి ఉంటాయి, ఇప్పుడు అందులో సూదులు, దారం రీళ్లు, గుండీలు. మూత పెట్టి ఉన్న డబ్బా చూపించి ‘ఇండ్ల ఏమున్నది?’ అని అడగండి. ‘బిస్కెట్లు’ అంటాడు పిల్లవాడు. మూత తీసి దారం చూపించి, మళ్లీ మూసేయండి. ‘తాత ఈ డబ్బా ఇప్పటిదాక తెరిచి చూడలే. తాతను అడిగితే ఇండ్ల ఏమున్నదంటడు?’ అనండి. మామూలుగా నాలుగు, అయిదేళ్లు వచ్చిన పిల్లలు ‘బిస్కెట్లంటడు’ అని నవ్వుతారు. మూడేళ్లవాళ్లు ఎక్కువమంది ‘దారం’ అంటారు. తమకు తెలిసింది తాతకూ తెలుసని వాళ్ల లెక్క. ‘మూత తీయకముందు నువ్వేమనుకున్నవ్?’ అని అడిగినా మూడేళ్లవాడు ‘దారం’ అనే అంటాడు. ఒక్క నిమిషం కిందటి తన నమ్మకం కూడా వాడికి అందదు. కాబట్టి ఇది ఆటిజంతో పుట్టే లోపం కాదు, పిల్లలందరూ దాటే గడప. ఆటిజం ఉన్న పిల్లలు దాన్ని చాలా ఆలస్యంగా, వేరే దారిలో దాటుతారు.

ఇలాంటి పరీక్షను 1983లో ఆస్ట్రియాలో హైన్జ్ విమ్మర్, యోసెఫ్ పెర్నర్ రూపొందించారు. 1985లో లండన్‌లో సైమన్ బారన్-కోహెన్, అలన్ లెస్లీ, ఊటా ఫ్రిత్ దాన్ని రెండు బొమ్మలతో ఆటిజం పిల్లల ముందు పెట్టారు. సాలీ అనే బొమ్మ తన గోలీని బుట్టలో పెట్టి బయటికి పోతుంది. ఆన్ అనే బొమ్మ దాన్ని తీసి పెట్టెలో దాస్తుంది. తిరిగొచ్చిన సాలీ గోలీ కోసం ఎక్కడ చూస్తుంది? ఆటిజం ఉన్న 20 మందిలో 16 మంది పెట్టెను చూపించారు. మామూలు పిల్లలు 27 మందిలో 23 మంది, డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే వచ్చే, బుద్ధి ఎదుగుదల నెమ్మదించే స్థితి) ఉన్న 14 మందిలో 12 మంది బుట్టను చూపించారు. పత్రికల్లో వచ్చే ఆ వాక్యం ఇక్కడి నుంచి నడిచొచ్చిందే.

ఈ లెక్కలో రెండు సంగతులను తరచూ వదిలేస్తారు. ఒకటి, ఆటిజం ఉన్నవాళ్లలోనూ నలుగురు సరిగ్గా చెప్పారు. రెండు, డౌన్ సిండ్రోమ్ పిల్లల భాషా స్థాయి, అంటే ఏ వయసు మామూలు పిల్లలంత భాష వచ్చన్న లెక్క, సగటున మూడేళ్లకు దగ్గర. తప్పు చెప్పిన ఆటిజం పిల్లల బృందంలో అది అయిదేళ్లు దాటింది. అంటే భాష తక్కువ కావడం ఒక్కటే కారణం కాదు. ఈ మాట మేం ముందే ఒప్పుకుంటున్నాం, ఎందుకంటే ‘మాటలు వస్తే అన్నీ అవే వస్తాయి’ అనే భరోసా మన ఊళ్లలో చాలామంది ఇస్తుంటారు. అయితే 1995లో ఫ్రాన్సెస్కా హాపే పలు పరీక్షల ఫలితాలు కలిపి చూసినప్పుడు అసలు సంగతి బయటపడింది. మామూలు పిల్లలకు సుమారు నాలుగేళ్ల భాషా స్థాయికి ఈ పరీక్ష నెగ్గే అవకాశం సగానికి సగం ఉంటే, ఆటిజం పిల్లలకు ఆ అవకాశం తొమ్మిదేళ్లు దాటిన భాషా స్థాయికి వచ్చింది. ఆలస్యంగానైనా, భాష పెరిగిన కొద్దీ వాళ్లూ నెగ్గుతున్నారు. మిగతా పిల్లలు చూపులతో, ముఖకవళికలతో అందుకునేదాన్ని వీళ్లు మాటల నిచ్చెన వేసుకుని అందుకుంటున్నారన్నమాట.

భాష పాత్రకు ఇంకో సాక్ష్యం చెవిటి పిల్లల దగ్గర దొరికింది. అదే 1995లో ఆస్ట్రేలియాలో కాండిడా పీటర్సన్, మైకేల్ సీగల్ వినికిడి ఉన్న తల్లిదండ్రులకు పుట్టిన చెవిటి పిల్లలకు ఈ పరీక్ష పెట్టారు. వాళ్లకు ఆటిజం లేదు, అయినా చాలామంది తప్పారు. చెవిటి తల్లిదండ్రుల ఇంట్లో పుట్టి, పాలు తాగే వయసు నుంచే సైగల భాషలో మాట్లాడుకునే పిల్లలకు ఈ వెనకబాటు లేదని తర్వాతి పరిశోధనలు చూపాయి. ఎవరేమనుకున్నారు, ఎవరికేం తెలుసు, ఎవరు పొరబడ్డారు అనే ముచ్చట్లు ఇంట్లో రోజూ అందే పిల్లలకు మనసుల సంగతి తొందరగా అందుతుంది. అందుకే ఆటిజం అనుమానం రాగానే మేం మొదట అడిగేది వినికిడి పరీక్ష జరిగిందా అని. చెవిలో చీము పట్టి సగమే వినపడే పిల్లవాడికి ఎంత నేర్పినా సగమే అందుతుంది.

భాషలో ఏ భాగం ఈ పని చేస్తుందన్నదే అసలు విషయం. పదాల సంఖ్యా? మా దగ్గరికొచ్చే పిల్లల్లో 200 బొమ్మల పేర్లు, ఇంగ్లిష్ రైమ్స్, ఎ నుంచి జెడ్ దాకా అక్షరాలు, కార్ల కంపెనీల పేర్లు వచ్చినవాళ్లు ఉంటారు. వాళ్లలో చాలామంది ‘అవ్వ ఏమన్నది?’ అన్న ప్రశ్న దగ్గర ఆగిపోతారు. అమెరికాలో జిల్ డి విలియర్స్ చెప్పింది ఇదే: వాక్యంలో వాక్యం ఇమిడే నిర్మాణం ముఖ్యం. ‘డబ్బాలో బిస్కెట్లున్నాయి’ అనేది అబద్ధం కావచ్చు. ‘డబ్బాలో బిస్కెట్లున్నాయని తాత అనుకున్నాడు’ అనేది మాత్రం నిజం. అబద్ధపు వాక్యం ఒక నిజమైన వాక్యం కడుపులో కూర్చుంది. ఈ ఇమిడికను పట్టుకోగలిగిన బుర్రకు తప్పు నమ్మకాన్ని పట్టుకోవడానికి ఒక గిన్నె దొరికినట్టు. 2003లో కోర్ట్నీ హేల్, హెలెన్ టేగర్-ఫ్లస్‌బర్గ్ ఆటిజం లేని చిన్నపిల్లలకు ఈ వాక్యాలు నేర్పి చూస్తే, వాళ్లకు నేర్పని ‘తప్పు నమ్మకం’ పరీక్షలో (సాలీ ఆట వంటిది) కూడా వాళ్లు మెరుగయ్యారు. వేరే రకం పొడుగు వాక్యాలు నేర్పిన పిల్లలు ఆ పరీక్షలో మెరుగవలేదు. 2005లో టేగర్-ఫ్లస్‌బర్గ్, రాబర్ట్ జోసెఫ్ ఆటిజం ఉన్న పిల్లల్లోనే చూశారు. వాళ్లలో ‘అనుకున్నాడు’ వాక్యాల కన్నా ‘అన్నాడు’ వాక్యాల మీద పట్టు ఈ పరీక్షల ఫలితానికి గట్టి సూచిక అయింది. 2007లో 104 అధ్యయనాలను, 8,891 మంది పిల్లల ఫలితాలను కలిపి చూసినప్పుడు కూడా భాషకూ తప్పు నమ్మకం అర్థం కావడానికీ సంబంధం స్పష్టంగా కనిపించింది.

తెలుగులో ఆ పని చేసే ముక్క ‘అని’. మన భాష ఈ పిల్లలకు ఒక గొప్ప మేలు చేసింది, దాన్ని మనం వాడుకోవడం లేదు. ‘అను’ అంటే పైకి పలకడం. ‘అనుకొను’ అంటే తనలో తాను పలుక్కోవడం. చెవికి వినపడే ‘అన్నడు’కు ‘కొను’ తగిలిస్తే వినపడని ‘అనుకున్నడు’ వస్తుంది. పైన చెప్పిన 2005 ఫలితం ఏ దారి చూపించిందో ఆ దారి మన క్రియలోనే పరిచి ఉంది. కాబట్టి తెలుగు పిల్లవాడికి ‘ఆలోచించు’, ‘భావించు’ వంటి పుస్తకపు మాటలతో మొదలుపెట్టడం అనవసరపు బరువు. ‘అన్నది’తో మొదలుపెట్టి ‘అనుకున్నది’కి తీసుకుపోండి.

మూడు పదాల వాక్యం చెప్పగలిగి, ‘ఎవరు, ఏంది, ఏడ’ ప్రశ్నలకు జవాబివ్వగలిగి, ‘లేదు, కాదు’ తెలిసిన పిల్లలకే ఈ పని. అంతకంటే వెనక ఉన్న పిల్లలతో అడిగి తీసుకోవడం, వేలుతో చూపించడం, కొబ్బరి చిప్పలతో వంటాట వంటివి ముందు జరగాలి. కావాల్సిన సామాను తక్కువే: వేర్వేరు రంగుల బట్టలున్న రెండు బొమ్మలు, మూతలున్న మూడు నాలుగు డబ్బాలు, తెల్ల అట్టముక్కలు. ఒక అట్టను నోటి దగ్గర తోక ఉన్న మాట బుడగలాగా, ఇంకోదాన్ని తల మీద పెట్టే మబ్బులాగా కత్తిరించండి. రోజుకు 10 నిమిషాలు, వారానికి అయిదు రోజులు చాలు. 10 సార్లలో 8 సార్లు, అదీ రెండు వేర్వేరు రోజుల్లో సరిగ్గా చెబితేనే తర్వాతి మెట్టు.

మొదట ఉన్నమాటే. బొమ్మ చేత ‘నాకు అరటిపండు కావాలె’ అనిపించి, ‘బొమ్మ ఏమన్నది?’ అని అడగండి. ‘అరటిపండు కావాలని అన్నది’ అని రావాలి. ‘అరటిపండు’ అని ఒక్క మాటే వస్తే బుడగ అట్ట మీద అరటిపండు బొమ్మ అంటించి, బొమ్మ నోటి దగ్గర పెట్టి, మీరే పూర్తి వాక్యం చెప్పి చివరి మాటను వాడికి వదలండి: ‘అరటిపండు కావాలని…?’ ‘అన్నది.’

రెండో మెట్టు అసలు మలుపు. బొమ్మ తప్పు మాట్లాడుతుంది. ముందర జామకాయ ఉంది, బొమ్మ దాన్ని చూసి ‘ఇది టమాట’ అంటుంది. ‘బొమ్మ ఏమన్నది?’ అని అడిగితే ఆటిజం ఉన్న పిల్లవాడు దాదాపు ఎప్పుడూ ‘జామకాయ’ అంటాడు. వాడు నిజాన్ని వదలలేడు. ‘తప్పు’ అనకండి, వాడు చెప్పింది తప్పు కాదు, మీరు అడిగింది వేరు. బుడగలో టమాట బొమ్మ పెట్టి నోటి దగ్గర ఆనించండి. నిజం జామకాయ బల్ల మీదే ఉండనివ్వండి. రెంటినీ వేలుతో తాకుతూ ‘ఇది జామకాయ. బొమ్మ టమాట అని అన్నది’ అనండి. ప్రతిసారీ జంట ప్రశ్నలు అడగాలి: ‘బొమ్మ ఏమన్నది?’, ‘నిజంగ ఇది ఏంది?’ ఒక్క ప్రశ్నే అడిగితే పిల్లవాడు ఎప్పుడూ తప్పు మాట చెప్పడమే ఆట అనుకుని గుడ్డిగా నెగ్గేస్తాడు. ఈ మెట్టు మీద కొందరు మూడు వారాలు, కొందరు మూడు నెలలు ఉంటారు. తొందరపడి ఇక్కడి నుంచి దాటించిన పిల్లలు పైమెట్ల మీద తప్పకుండా జారతారు.

ఆ తర్వాత బుడగ తీసి మబ్బు పెట్టండి. బొమ్మ ఈసారి పైకి అనదు. ‘బొమ్మ పైకి అనలే. లోపల అనుకున్నది’ అని వేలు పెదవుల మీద పెట్టి చూపించండి. ఇంతవరకు వచ్చినవాళ్లకు చూడడానికీ తెలియడానికీ ఉన్న ముడి నేర్పాలి. రెండు బొమ్మల్లో ఒకటి డబ్బా మూత తీసి చూస్తుంది, ఇంకొకటి డబ్బాను ముట్టుకుంటుంది కానీ చూడదు. ‘ఎవరికి తెలుసు? ఎందుకు తెలుసు?’ ‘చూసింది కాబట్టి.’ ఈ ‘కాబట్టి’ వచ్చాకే వస్తువును చోటు మార్చే ఆట. రాజు అనే బొమ్మ చాక్లెట్‌ను ఎర్ర డబ్బాలో పెట్టి ఆడుకోవడానికి పోయాడు, వాళ్లక్క దాన్ని నీలం డబ్బాలోకి మార్చింది, రాజు వచ్చాడు.

ఈ చివరి ఆటలో పెద్దవాళ్లు చేసే పొరపాట్లే ఎక్కువ. ‘చాక్లెట్ ఏడున్నది?’ అని అడిగితే పిల్లవాడు నిజం చెబుతాడు, చెప్పాల్సిందీ అదే. ‘రాజు ఫస్టు ఏడ చూస్తడు?’ అని అడగాలి. ‘ఫస్టు’ లేకపోతే ‘చివరికి ఎక్కడ దొరుకుతుంది’ అన్న అర్థంలో కూడా జవాబు రావచ్చు. దాంతోపాటు ‘రాజు మొదలు ఏడ పెట్టిండు?’, ‘ఇప్పుడు నిజంగ ఏడున్నది?’ అన్న రెండు ప్రశ్నలూ అడగండి. వాటికి తప్పు చెబితే వాడికి కథ గుర్తులేదన్నమాట, నమ్మకాల సంగతి అప్పుడే తేల్చకూడదు. డబ్బాలు రెండే కాబట్టి గుడ్డిగా చూపించినా సగం సార్లు సరైపోతుంది. నాలుగు వేర్వేరు రోజుల్లో, ఎర్రది నీలంది అటూ ఇటూ మార్చి, నాలుగుసార్లూ సరిగ్గా చెబితే గుడ్డి అవకాశం 16లో ఒకటికి తగ్గుతుంది. అడుగుతూ మీ కళ్లు సరైన డబ్బా మీదికి పోకుండా చూసుకోవాలి. తల్లులు తెలియకుండానే చేసే పని అది. పిల్లవాడికి ఇష్టమైన వస్తువు పెట్టినా చిక్కే. చాక్లెట్ కోసం ప్రాణం పెట్టేవాడు నిజంగా చాక్లెట్ ఉన్న చోటికే చెయ్యి చాపుతాడు, అక్కడ ఆకలి జవాబిస్తుంది. అలాంటివాడికి గుండీ పెట్టండి.

తెలుగు వాక్యం నిర్మాణంలోనే ఉన్న ఇబ్బందులు కొన్ని వేరు. వీటిని ఇంగ్లిష్ వర్క్‌బుక్కుల నుంచి దింపుకున్న పాఠాలు పట్టించుకోవు. ఇంగ్లిష్‌లో ‘అనుకున్నాడు’ అన్న మాట ముందే వస్తుంది, దాంతో వినేవాడు జాగ్రత్తపడతాడు. తెలుగులో అది చివర వస్తుంది. ‘డబ్బాల బిస్కెట్లున్నయని తాత అనుకున్నడు’ అని మీరు పూర్తి చేసేలోపే పిల్లవాడు మొదటి ముక్క విని ‘లేవ్!’ అంటూ డబ్బా మూత లాగేస్తాడు. అది మొండితనం కాదు, వాక్యం చివరిదాకా వాడు ఆగలేకపోయాడు. కాబట్టి మనిషిని ముందు పెట్టండి: ‘తాత… బిస్కెట్లున్నయ్… అని… అనుకున్నడు.’ ‘తాత’ అనగానే మబ్బు అట్టను తాత బొమ్మ తల మీద పెట్టండి. రెండో ఇబ్బంది సంధి. ‘ఉన్నయని’, ‘లేదని’, ‘వస్తడని’లో ‘అని’ కరిగిపోతుంది. మనకు వినపడుతుంది, భాష నెమ్మదిగా పట్టుకునే పిల్లవాడికి అతుకు వినపడదు. మొదటి నెల దాన్ని విడదీసి, రెండు వైపులా చిన్న విరామం ఇచ్చి పలకండి. వినడానికి వింతగా ఉంటుంది, ఫరవాలేదు. పట్టు దొరికాక కలిపి పలకొచ్చు.

మూడోది ‘నేను’. ‘నేను రాను అని రవి అన్నడు’ అన్నప్పుడు ఆ ‘నేను’ రవి. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలు ‘అన్నం తింటవా?’ అని అడిగితే ‘అన్నం తింటవా’ అనే తిరిగి చెబుతారు, ‘నేను’కూ ‘నువ్వు’కూ మధ్య ఇంకా తడబడుతుంటారు. వాళ్లకు ఈ వాక్యం సుడిగుండం. బుడగ మీద రవి ముఖం గీసి, ‘నేను రాను’ అన్న మాటను అందులోపల రాస్తే ఎవరి ‘నేను’ అన్నది కంటికి కనిపిస్తుంది. ఇంకోటి, ‘అనుకొను’కు మన వాడుకలో మూడు పనులున్నాయి. ‘బిస్కెట్లున్నయనుకున్న’ అంటే నమ్మకం. ‘ఎల్లుండి కరీంనగర్ పోదామనుకుంటున్న’ అంటే ఉద్దేశం. ‘నువ్వు పులివనుకో’ అంటే నటన. మొదటి ఆరు వారాలు నమ్మకం అర్థంలోనే వాడండి, మిగతావి కలిపితే పిల్లవాడికి ఏ దారీ తెలియదు. ‘వచ్చిండట’, ‘లేదంట’లోని ‘అట, అంట’ మాత్రం ముందు నుంచీ వాడొచ్చు. తాను చూడలేదు, ఎవరో అన్నారు అన్న సంగతిని అంత చిన్న ముక్కలో మోసే సౌకర్యం చాలా భాషలకు లేదు. ‘బస్సు వచ్చిందట. ఎవరన్నరు?’ ‘మామ అన్నడు.’ రోజుకు పదిసార్లు సహజంగా వచ్చే ముచ్చట ఇది.

రోజువారీ బతుకులో ఈ తేడా ఎక్కడెక్కడ తగులుతుందో తెలిస్తే తల్లిదండ్రులకు సగం బాధ తగ్గుతుంది. సాయంత్రం ‘బడిల ఏమైంది?’ అంటే పిల్లవాడు మాట్లాడడు. దాచిపెడుతున్నాడని అనుకోకండి. తాను చూసింది మీరు చూడలేదన్న సంగతే వాడికి తట్టదు. ప్రశ్నను ఇలా మార్చండి: ‘నేను బడికి రాలే. నేను చూడలే. నాకు తెల్వదు. నువ్వు చెప్పు.’ ఈ నాలుగు ముక్కలూ రోజూ ఒకే వరసలో అనండి. కడుపు నొస్తుంటే చెప్పకుండా గోడకు తల కొట్టుకునే పిల్లవాడి దగ్గర కూడా ఇదే మాట: ‘నీ కడుపు నొస్తున్నదని నాకు తెల్వది. నువ్వు చెప్తె నాకు తెలుస్తది.’ తోటి పిల్లలు ‘సార్ పిలుస్తున్నడు, ఉరుకు’ అంటే పరిగెత్తి, నవ్వులపాలై, మర్నాడు మళ్లీ పరిగెత్తేవాడిని మూర్ఖుడనుకుంటారు. ఒకరు చెప్పేది వాళ్లకే నిజం కాకపోవచ్చన్న ఊహ వాడికి ఇంకా రాలేదు, అంతే. టీచర్లు కాపలా కాయాల్సిన చోటు ఇదే, ఎందుకంటే ఆ పిల్లవాడు తనంతట తాను ఫిర్యాదు చేయడు.

మాట పైకి ఒకటి, లోపల ఇంకొకటి అయిన చోట్లన్నీ వీళ్లకు ఎత్తుపల్లాలే. మేడారం జాతరకు పోయేటప్పుడు ఇంట్లో అందరూ సమ్మక్క తల్లికి ‘బంగారం’ తూకం వేయిస్తున్నామంటారు, త్రాసులో మాత్రం బెల్లం ఉంటుంది. మిగతా పిల్లలు ఎవరూ చెప్పకుండానే కలిపేసుకుంటారు. ఈ పిల్లవాడు ‘బంగారం కాదు, బెల్లం’ అని జనం మధ్య పెద్దగా అంటే నోరు మూయించకండి. ‘ఇది బెల్లం. జాతరల మనందరం దీన్ని బంగారం అంటం’ అనండి. ఇదీ ‘అను’ వాక్యమే, వాడికి అందే వాక్యం.

ఇక మాకు ఎక్కువ బాధ కలిగించేది ఏ భాషలో పరీక్షిస్తున్నారన్నది. మహబూబాబాద్, జనగామ వైపు తండాల్లో ఇంటి భాష లంబాడీ, ములుగు వైపు గూడేల్లో కోయ, ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాల్లో గోండి, కొలామి. వరంగల్, కరీంనగర్ పట్టణాల్లో ఎన్నో ఇళ్లలో ఉర్దూ. పిల్లవాడికి ఇంగ్లిష్ కార్డులతో, లేదా పుస్తకాల తెలుగులో పరీక్ష పెట్టి ‘మనసులు అర్థం కావు’ అని రాసేస్తే అది వాడి గురించి రాసినట్టు కాదు. ‘ఎక్కడ వెతుకుతుంది’ అన్న మాటే కొత్తయిన పిల్లవాడికి ‘ఏడ దేవులాడుతది’ అంటే వెంటనే తెలుస్తుంది. ఇంకా నష్టం చేసే సలహా ఒకటి తిరుగుతోంది: ‘పిల్లవాడు తికమకపడతాడు, ఇంట్లో కూడా ఇంగ్లిష్‌లోనే మాట్లాడండి.’ రెండు భాషల ఇళ్లలో పెరగడం వల్ల ఆటిజం పిల్లల భాష అదనంగా వెనకబడుతుందని పరిశోధనలు చూపలేదు. పైగా ‘నీళ్లు, అన్నం, రా, పో’ వరకే ఇంగ్లిష్ వచ్చిన అవ్వ, అమ్మ ఆ పిల్లవాడితో ‘అక్క అలిగిందనుకుంట’, ‘నాయిన మరిచిపోయిండేమో’ వంటి ముచ్చట్లు ఎలా పెడతారు? మనసుల గురించిన మాటలన్నీ ఆ ఇంటి భాషలోనే ఉన్నాయి. వాటిని తీసేసి వాడికి బొమ్మల పేర్లు మిగిల్చినట్టవుతుంది.

ప్రభుత్వం వైపు ఏర్పాట్లు లేవని కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను పరీక్షించాలి, ఆ జాబితాలో భాషా ఆలస్యం, ఆటిజం రెండూ ఉన్నాయి. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. వైకల్య ధ్రువపత్రం కోసం వాడే ఐఎస్ఏఏ అనే భారతీయ కొలమానంలో 40 అంశాలుంటాయి. 70 నుంచి 106 వస్తే స్వల్పం, 107 నుంచి 153 వస్తే మధ్యస్థం, ఆ పైన తీవ్రం. అది వైకల్యం ఎంతో చెబుతుంది, ఏం నేర్పాలో చెప్పదు. అయినా చాలామంది పిల్లల ఫైళ్లలో ఆ అంకె ఒక్కటే ఉంటుంది. దాని పక్కన భాష గురించి అయిదు వరుసలు రాయడానికి కొత్త నిధులు అక్కర్లేదు: ఎన్ని పదాల వాక్యం చెబుతున్నాడు, ఏ ప్రశ్నలకు జవాబిస్తున్నాడు, ‘ఏమన్నడు’కు జవాబిస్తున్నాడా, ‘ఏమనుకున్నడు’కు జవాబిస్తున్నాడా, ఇంట్లో ఏ భాష.

ఈ పద్ధతి మీద అతి ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పాలి. ఆటిజం పిల్లలకు మబ్బు బొమ్మలతో, ‘తలలో ఫోటో’ అనే ఉపాయంతో ఎదుటివాళ్ల తప్పు నమ్మకాన్ని గ్రహించడం నేర్పిన ప్రయత్నాలు 1990ల నుంచీ జరిగాయి. ఫోటో ఉపాయం బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే వస్తువును ఫోటో తీసి తర్వాత చోటు మారిస్తే, ‘ఫోటోల ఏడున్నది?’ అన్న ప్రశ్నకు ఈ పిల్లల్లో చాలామంది సరిగ్గానే చెబుతారు. మీ ఫోన్‌తోనే చేసి చూడండి, ఆ తర్వాత ‘రాజు తలల కూడ ఇట్ల ఒక ఫోటో ఉన్నది’ అని కలపండి. నేర్పిన పరీక్ష నెగ్గారు కానీ, ఆటస్థలంలో, మాటల మధ్యలో దాన్ని వాడడం తక్కువే కనిపించింది. అందుకే బల్ల దగ్గర నేర్పిన ప్రతి వాక్యాన్నీ అదే రోజు ఇంట్లో రెండు చోట్ల, ఇద్దరు వేర్వేరు మనుషులు వాడాలి. చెప్పు కనపడక అన్న మంచం కింద చూస్తుంటే ఆగి, ‘అన్న చెప్పు మంచం కింద ఉన్నదనుకుంటున్నడు. నువ్వు చూసినవ్, నీకు తెలుసు’ అనండి. ఆ రెండు వాక్యాలు ఏ వర్క్‌బుక్కుకూ తీసిపోవు.

మాటలు రాని పిల్లల సంగతి వేరుగా చూడాలి. మాట లేదంటే లోపల ఏమీ లేదని కాదు. వాళ్లకు బొమ్మల పటం మీద వేలు పెట్టి చెప్పే ఏర్పాటు చేయాలి, ఆ పటంలో ‘అన్నం, నీళ్లు, బాత్రూం’తో పాటు ‘అన్నడు’, ‘అనుకున్న’, ‘తెల్వది’ గళ్లు కూడా ఉండాలి. మేం చూసే పటాల్లో దాదాపు అన్నింట్లో ఈ మూడూ ఉండవు.

బ్రిటన్‌లో డామియన్ మిల్టన్ అనే పరిశోధకుడు, తాను కూడా ఆటిజం ఉన్నవాడే, 2012లో ఒక మాట ముందుకు తెచ్చాడు: అర్థం కాకపోవడం రెండు వైపులా ఉంది. కుక్కర్ కూతకు చెవులు మూసుకుని మూలకు పారిపోయే పిల్లవాడిని మనం ‘నాటకాలు’ అంటాం. వాడి తలలో ఏముందో మనకూ తెలియలేదు కదా. ఆటిజం పిల్లల మీద ఇకముందు మీ పత్రికలో వ్యాసం వస్తే, ‘ఈ పిల్లలకు ఎదుటివాళ్ల మనసు అర్థం కాదు’ అన్న వాక్యం ఉన్న చోట ‘ఎదుటివాళ్లకు ఏం తెలుసో, ఏం తెలియదో వీళ్లకు మాటల్లో విడమరచి చెప్పాలి’ అని వేయమని కోరుతున్నాం. కుదిరితే పక్కనే ఒక చిన్న పెట్టెలో బిస్కెట్ డబ్బా ఆటను, అడగాల్సిన ప్రశ్నలతో సహా, ఇంటి భాషలో ముద్రించండి.

ఇట్లు,
ఒక స్పీచ్ థెరపిస్టు, ఒక ప్రత్యేక ఉపాధ్యాయురాలు,
హనుమకొండ